కోసారా చోటులో

పొద్దున్న నిద్ర లేచేసరికి స్తామెన్కా చొక్కా ఎడమవైపు తడిసి ఉంది. ముట్టుకుంటే వెచ్చగా తగిలింది. అవి పాలే. అరవై దాటిన మనిషికి పాలేమిటని లోకం నవ్వుతుంది కాబట్టి ఆమె ఆ సంగతి ఇంతవరకూ ఎవరి చెవినా వెయ్యలేదు. ఏ ఏటికాయేడు చలి మొదలయ్యే రోజుల్లో ఒకటి రెండుసార్లు ఇలా అవుతూనే ఉంటుంది. ఈ వారం మాత్రం రోజూ అవుతోంది.

చొక్కా మార్చుకుని, తలకు నల్ల గుడ్డ చుట్టుకుని, కట్టెల కోసం పెరట్లోకి వెళ్ళింది. హోమోల్యె కొండల మీద మంచు ఇంకా పడలేదు కానీ పొగమంచు కంచె దాకా దిగి ఉంది. కట్టెలు చంకన పెట్టుకుని లోపలికి వచ్చి తలుపు వెంటనే మూయలేదు. వెనకాల ఇంకెవరో రావాలన్నట్టు ఒక్క క్షణం రెక్క పట్టుకుని నిలబడింది. ఆ తర్వాతే గడియ వేసింది. ఇది ఊరందరికీ తెలిసిన అలవాటే. కొత్తగా కాపురానికొచ్చిన కోడళ్ళు మొదట్లో జడుసుకుంటారు, తర్వాత వాళ్ళూ పట్టించుకోరు.

పొయ్యి మీద మొక్కజొన్న సంకటి కుతకుతమంటుండగా వాకిట్లో కారు ఆగింది.

"అక్కా! ఇంకా బట్టలు సర్దుకోలేదా?" అంటూ రుమెనా బూట్లయినా విప్పకుండా లోపలికి వచ్చేసింది.

పిలుపు విని పొరపాటు పడకండి. రుమెనా ఆమెకు చెల్లెలు కాదు, కడుపున పుట్టిన కూతురు, ఒక్కగానొక్క కూతురు. మాటలు నేర్చిన నాటినుంచీ తల్లిని అక్కా అనే పిలుస్తోంది. కింద పట్నంలో రొట్టెల కొట్టులో పని చేస్తుంది, మొగుడున్నాడు, ఇద్దరు మగపిల్లలున్నారు. ముక్కు మీద కోపం, మాట కటువు. మనసు మాత్రం వెన్న అని తల్లికి తెలుసు. తెలిసినా ఆ మాట ఎప్పుడూ పైకి అనలేదు.

"బట్టలెందుకు సర్దడం? నేనెక్కడికీ రావడం లేదు," అంది స్తామెన్కా, సంకటి కలుపుతూనే.

"మొదలెట్టావూ! రేపటికి ఆసుపత్రిలో నీకోసం మంచం ఖాళీ చేయించి పెట్టారు. ఎంతమంది కాళ్ళు పట్టుకున్నానో తెలుసా?"

"ఆ మంచం ఇంకెవరికైనా ఇమ్మను. పడుకోడానికి నాకిక్కడ మంచముంది."

"నీ గుండెలో కవాటం చెడిపోయిందక్కా! కోసి బాగుచెయ్యకపోతే ఈ చలికాలం దాటవని డాక్టరు నీ మొహం మీదే చెప్పాడు. నువ్వేమో తలూపి వచ్చావు. నీకేమైనా మతి ఉందా?"

"మతి ఉండబట్టే రానంటున్నా. కూచో, తిను. పొద్దున్నే బయల్దేరుంటావు."

రుమెనా కూర్చోలేదు. బల్ల దగ్గరి బెంచీ వైపు చూసింది. ఒక చివర తల్లి కూర్చునే చోటు, ఇంకో చివర తను చిన్నప్పుడు కూర్చున్న చోటు. మధ్యలో ఎప్పుడూ ఖాళీ. ముప్ఫై ఎనిమిదేళ్ళొచ్చినా పుట్టింటికి వస్తే ఆ మధ్యలో కూర్చోడానికి జంకుతుంది. అదే ఆమెకు ఒళ్ళుమండే సంగతి.

"నిజం చెప్పు," అంది గొంతు తగ్గించి. "దేనికి భయం? కత్తికా?"

"నొప్పికి భయపడే దాన్నయితే నిన్ను కనేదాన్నా?"

"మరి?"

స్తామెన్కా గరిటె పక్కన పెట్టింది. "మత్తుమందిచ్చి నిద్రపుచ్చుతారంట కదే."

"పుచ్చరా మరి? మెలకువలో కోస్తారా నిన్ను?"

"నాకు నిద్ర వద్దు. మెలకువగా ఉన్నంతసేపూ నేను ఆ పోయినదాన్ని గడప దగ్గర ఆపగలను. నిద్రపోతే ఎవరాపుతారు? నేను ఆ బల్ల మీద పోయాననుకో. నువ్వు కొట్లో రొట్టెలు కాలుస్తూ కాలుస్తూ పోతావు."

అదీ ఆమె భయం. తన చావు గురించి ఆమెకు బెంగ లేదు. తను పోతే కూతురినీ వెంట లాక్కుపోతానని ఆమె నమ్మకం. ఆ నమ్మకం నిన్నా మొన్నటిది కాదు.

రుమెనా మొహం ఎర్రబడింది. "చాల్లే ఆపు! నాయనమ్మ బుర్రలో పోసిన చెత్తంతా ఇంకా మోస్తున్నావా? బడిలో పిల్లలు ఎలా నవ్వేవారో తెలుసా నీకు? 'రుమెనా, మీ అక్క వచ్చిందే తీసుకెళ్ళడానికి' అని. జ్వరమొస్తే అందరూ అమ్మా అని మూలుగుతారు. నేను అక్కా అని మూలిగాను. ఒక్కసారి నోరు జారి అమ్మా అంటే మూతి మీద కొట్టావు. నాలుగేళ్ళ పిల్లని! గుర్తుందా?"

"గుర్తుంది."

"ఎందుకు కొట్టావు?"

"నువ్వు బతకాలని."

"బతికానులే! బతికి ఏం బావుకున్నాను? నువ్వు చచ్చిపోయినదానికి తల్లివి, నాకు మాత్రం అక్కవి. దానికోసం తలుపు పట్టుకుంటావు, దానికోసం బెంచీ మీద చోటు వదులుతావు. నాకోసం ఏనాడైనా..."

స్తామెన్కా గబుక్కున పొయ్యి అంచు పట్టుకుంది. రొమ్ములో కలుక్కుమంది. నోరు బిగబట్టి, ఊపిరి ఆపి, అది దాటిపోయేదాకా అలాగే నిలబడింది. కళ్ళు తెరిచి చూసేసరికి ఎదురుగా రుమెనా కూడా గోడ పట్టుకుని నిలబడి ఉంది. ఆమె మొహం తెల్లగా పాలిపోయింది. కుడిచెయ్యి తన గుండె మీదే ఉంది.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. సంకటి అడుగంటుతున్న వాసన వచ్చింది. ఎవరూ కదల్లేదు.

"ఎప్పట్నుంచే?" అంది స్తామెన్కా.

"పోయిన నెలలో నువ్వు పెరట్లో పడిపోయావు చూడు, ఆవేళ," అంది రుమెనా. "నేను కొట్లో రొట్టెల పళ్ళెం పట్టుకుని ఉన్నాను. పళ్ళెంతో సహా కింద పడ్డాను. నువ్వు పడిన కబురు ఆ తర్వాత వచ్చింది. ఎవరికీ చెప్పలేదు. పరీక్షలు చేయించుకున్నా. నా గుండెలో ఏ లోపమూ లేదన్నారు."

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే నువ్వు అస్సలు రావుగా ఆసుపత్రికి! అసలేం జరిగిందో చెప్పు నాకు. నాయనమ్మ చెప్పిన ముక్కలూ ఊళ్ళోవాళ్ళు చెప్పిన ముక్కలూ వద్దు. నువ్వు చెప్పు."

స్తామెన్కా పొయ్యి దగ్గరి ముక్కాలి పీట మీద కూలబడింది. ఇన్నేళ్ళూ లోపల గడ్డకట్టుకుపోయిన మాటలు ఒక పట్టాన రాలేదు. వచ్చాక ఆగలేదు.

ఆ ఏడు ఫిబ్రవరిలో కిటికీల దాకా మంచు పడింది. మొగుడు మిలుటిన్ గనిలో పనికి వెళ్ళి దారి మూసుకుపోయి అక్కడే చిక్కుకున్నాడు. ఇంట్లో అత్తగారు సిమానా, ఏడో నెల కడుపుతో తను. ఆవుకు నీళ్ళు పెట్టడానికి వెళ్ళి జారిపడింది. ఆ పూటే ఉమ్మనీరు పోయింది. మంత్రసాని లేదు, బండి లేదు. అత్తగారు పొయ్యి ముందు గడ్డి పరిచి, దాని మీద దుప్పటి వేసి, కోడలి చేతికి తలుపు గొళ్ళేనికి కట్టిన తాడు ఇచ్చి లాగమంది. రోజంతా లాగింది. అరిచి అరిచి గొంతు పోయింది. చివరికి ముందొచ్చింది రుమెనా, ఎదురుకాళ్ళతో. ఏడవలేదు. నీలంగా, అరచేతిలో పట్టేంత ఉంది. అత్తగారు ఆ పిల్లని కాళ్ళు పట్టుకుని ఊపి, వీపు మీద కొట్టి, నోట్లో ఊదింది. పిల్లి కూన కన్నా చిన్న గొంతుతో ఒక్క మూలుగు వినబడింది.

"అయిపోయిందనుకున్నా," అంది స్తామెన్కా. "అత్త నా పొట్ట మీద చెయ్యి పెట్టి 'అయ్యో నా తల్లో, ఇంకోటుందే' అంది. కోసారా నీకన్నా కాస్త బొద్దుగా ఉంది. ఏడుస్తూనే వచ్చింది. ఇల్లంతా మోగిపోయింది. అత్త అప్పటికప్పుడు ఇద్దరి నెత్తి మీదా నీళ్ళు చల్లి పేర్లు పెట్టేసింది. పేరు లేకుండా పోతారని భయం. రక్తం ఆగలేదు నాకు. లేవలేను. అయినా లేచాను. లేవకపోతే మీరుండరు."

పిండి కలిపే కొయ్య తొట్టిలో ఉతకని గొర్రె బొచ్చు పరిచి ఇద్దరినీ పక్కపక్కన పడుకోబెట్టింది. ఇటుకలు కాల్చి, గుడ్డల్లో చుట్టి చుట్టూ పెట్టింది. ఒక ఇటుక చల్లారేలోపు ఇంకోటి కాలాలి. చప్పరించే బలం ఇద్దరిలో ఎవరికీ లేదు. పాలు గిన్నెలోకి పిండుకుని, శుభ్రమైన గుడ్డ పీలిక ముంచి, పెదవుల మధ్య చుక్క చుక్కగా వదిలేది. ఒకదానికి వదిలి రెండోదానికి వదిలేసరికి మొదటిది మళ్ళీ నోరు తెరిచేది. ఒళ్ళు చల్లబడుతోందనిపిస్తే చొక్కా లోపల పొట్టకు ఆనించి కట్టుకునేది. కుడివైపు రుమెనా, ఎడమవైపు కోసారా. అలాగే ఆవు పాలు పితికింది, అలాగే పొయ్యి ఊదింది. నిద్ర అన్నదే లేదు. గోడకు జారబడితే కునుకు వస్తుందని పొయ్యి ముందు మోకాళ్ళ మీద కూర్చునేది.

"కోసారా బాగా అందుకుంది. బుగ్గలు కూడా వచ్చాయి. అందరూ నువ్వే పోతావనుకున్నారు. నేనూ అనుకున్నా, అబద్ధమెందుకు. నువ్వు పోతే వెలిగించడానికి మైనపు వత్తి కూడా తీసి పెట్టింది మీ నాయనమ్మ."

రుమెనా గోడ వదిలింది. వచ్చి తల్లి కాళ్ళ దగ్గర నేల మీద కూర్చుంది.

"ఓ మధ్యాహ్నం ఎండ కాసింది. చాన్నాళ్ళకి ఎండ. కిటికీలోంచి వీపు మీద పడింది. హాయిగా ఉంది. అంతే, కళ్ళు మూతలు పడ్డాయి. ఎంతసేపో తెలీదు. మెలకువ వచ్చేసరికి ఇంట్లో చప్పుడు లేదు. కోసారా చల్లగా ఉంది. నువ్వు దాని వేలు పట్టుకుని ఉన్నావు. నీ గోళ్ళు నల్లబడుతున్నాయి. ఎంత లాగినా నీ పిడికిలి రాలేదు. మీ నాయనమ్మ చూసి 'ఇది దాన్ని లాక్కుపోతోంది, విడదియ్యాలి' అంది."

ఒక కడుపున ఒకే నెలలో పుట్టినవాళ్ళలో ఒకరు పోతే రెండోవాళ్ళని వెంట తీసుకుపోతారని ఆ కొండల్లో అందరికీ తెలుసు. అందుకు చేసే పనీ అందరికీ తెలుసు. గుర్రం కాళ్ళకు వేసే ఇనుప సంకెల తెస్తారు. దాని ఒక కడియం పోయినవాళ్ళ కాలికి, రెండోది బతికున్నవాళ్ళ కాలికి తగిలిస్తారు. బయటి ఇంటి మనిషి ఒకరు వచ్చి తాళం తీసి, పోయినవాళ్ళ చోటు తను తీసుకుంటానని, నేటినుంచి దేవుడి సాక్షిగా తోబుట్టువునని మూడుసార్లు ఒప్పుకోవాలి. అప్పుడు చచ్చినవాళ్ళు ఒంటరిగా వెళ్ళిపోతారు. బయటి రక్తమైతేనే ముడి తెగుతుంది. సొంత రక్తం అడ్డం వస్తే ముడి తెగదు, వచ్చినవాళ్ళకే చుట్టుకుంటుంది.

"పక్కింటి వుకోసావాని పంపిస్తామన్నారు. పదేళ్ళ పిల్లప్పుడు. సంకెల వేసి కూచున్నాం. రాలేదు. వాళ్ళమ్మ భయపడి పంపలేదు. ఎవరూ రాలేదు. నువ్వు నా ఒళ్ళో నల్లబడిపోతున్నావు. మీ నాయనమ్మ తలుపు తీసి వాకిట్లోకి చూస్తూ 'దీని చోటు ఎవరు తీసుకుంటారు?' అని అరిచింది. ఒకసారి. రెండుసార్లు. మూడోసారికి నేను తీసుకుంటానన్నాను. నోట్లోంచి వచ్చేసింది. తాళం నేనే తీశాను."

"తీస్తే?"

"నువ్వు ఏడ్చావు. పుట్టాక మొదటిసారి గట్టిగా ఏడ్చావు. మీ నాయనమ్మ మాత్రం నెత్తి కొట్టుకుంది. 'ఏం పని చేశావే పిచ్చిదానా! నువ్వు బయటి రక్తమా? ఇక ఇది నీకు కూతురు కాదు, చెల్లెలు. అమ్మా అని పిలిస్తే నువ్వు ఆ చోట్లోంచి లేచినట్టే, అది వచ్చి తన చోటు అడుగుతుంది. నువ్వు పోయినరోజున దీన్నీ లాగేస్తావు' అంది. నా ఎడమవైపు పాలు ఏడాదిదాకా ఆగలేదు. నువ్వు కుడివైపే తాగావు. ఎడమవైపుకి మార్చబోతే మొహం తిప్పేసేదానివి. తొట్టిలో కూడా ఒక పక్కకే ఒదిగేదానివి, ఇంకోళ్ళకి చోటిచ్చినట్టు. ఖాళీ పక్కకు తిరిగి నవ్వేదానివి."

చిన్నప్పుడు తను ఎవరితో ఆడుకునేదో రుమెనాకి లీలగా గుర్తుంది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పలేదు.

"ఇంకెవర్నీ అడగలేదా నువ్వు? ఇన్నేళ్ళల్లో?"

"అడిగాను. దణ్ణం పెట్టి తప్పుకున్నారు. ఎవరి భయం వాళ్ళది."

"వుకోసావాని?"

స్తామెన్కా మొహం బిగుసుకుంది. "ఆ ఇంటి గడప తొక్కను. ఆవేళ రానివాళ్ళని ఇప్పుడెలా అడుగుతాను?"

"పదేళ్ళ పిల్ల మీద ఇంకా పౌరుషమా నీకు!" రుమెనా చటుక్కున లేచింది. కళ్ళు తుడుచుకుంది. ఏడుస్తోందో నవ్వుతోందో తెలియలేదు. "నన్ను ముట్టుకోకుండా పెంచావు, ముద్దు పెట్టకుండా పెంచావు, చచ్చినదాని మీదే నీ ప్రేమంతా అనుకున్నాను. చచ్చినదాని చోట్లో నువ్వే కూచున్నావని ఒక్క ముక్క చెప్పి చావచ్చుగా అక్కా! అడ్డాలనాటినుంచీ నేను నిన్ను తిట్టుకోని రోజు లేదు!"

"తిట్టుకుంటే తిట్టుకున్నావులే. బతికున్నావుగా."

రుమెనా తలుపు ధడాలున తీసుకుని బయటికి వెళ్ళిపోయింది. కారు కదల్లేదు. కంచె అవతల పక్కింటి కుక్క మొరిగింది.

గంటలో వెనక్కి వచ్చింది, వెంట వుకోసావాని పెట్టుకుని. వుకోసావా ఎత్తుగా, దిట్టంగా ఉంటుంది. గొర్రెల్ని మేపి, జున్ను చేసి అమ్ముకుంటుంది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు, తల్లి నిరుడు పోయింది. ముప్ఫై ఎనిమిదేళ్ళుగా ఈ గడప దాటని మనిషి, నిన్ననే వచ్చి వెళ్ళినట్టు పొయ్యి దగ్గరికి వచ్చి చేతులు కాచుకుంది.

"ఏం పిన్నీ, సంకటి మాడబెట్టావా? వీధి దాకా కంపు!"

స్తామెన్కా ఆమెను ఎగాదిగా చూసింది.

"అట్లా చూడకు. ఆవేళ మా అమ్మ నన్ను జున్ను కొట్టులో పెట్టి తాళం వేసింది. నేను బయటికి రావాలనే తలుపు గుద్దాను. పంచదార మిఠాయి ఇస్తామన్నారుగా మరి! అది ఇప్పటికీ నాకు బాకీ."

"ఏమే, నీకు భయం లేదా?" అంది స్తామెన్కా. "అది నీ వెంట పడితే?"

"పడనీ. ఇల్లంతా నేనొక్కదాన్నే. వస్తే గొర్రెలు కాస్తుంది." అంతలోనే వుకోసావా మొహంలో నవ్వు పోయింది. "పిన్నీ, నాకు తోబుట్టువులెవరూ లేరు. నేను పోతే నా పేరున గోధుమలు ఉడికించి పెట్టేవాళ్ళు లేరు, వత్తి వెలిగించేవాళ్ళు లేరు. నీ కూతురు వెలిగిస్తానంది. ఇంతకన్నా నాక్కావలసిందేముంది? లే, పొద్దు కుంకకముందే వెళ్ళొద్దాం."

ఊరి చివర వాలులో శ్మశానం. పొగమంచు శిలువల నడుము దాకా నిలబడి ఉంది. కోసారా సమాధి చిన్నది, గట్టిగా చూస్తే తప్ప కనబడదు. చుట్టూ గడ్డి ఎండిపోయినా ఆ మూరెడు మేరా పచ్చగా ఉంది. స్తామెన్కా సమాధికి ఒకవైపు, రుమెనా ఇంకోవైపు నిలబడ్డారు. వుకోసావా ఆనాటి సంకెలకు పట్టిన తుప్పు దులిపి, ఒక కడియం కోసారా చోటులో ఉన్న తల్లి చీలమండకు, ఒకటి కూతురి చీలమండకు తగిలించింది. గొలుసు సమాధి మీదుగా పడుకుంది. ఇనుము ఒంటికి తగలగానే ఇద్దరికీ ఒకేసారి ఒళ్ళు జిల్లుమంది.

"రుమెనా, విడిపించనా?"

"విడిపించు."

"దేవుడి సాక్షిగా నన్ను అక్కగా తీసుకుంటావా?"

"తీసుకుంటాను."

వుకోసావా మూడుసార్లు అడిగింది, రుమెనా మూడుసార్లు చెప్పింది. వుకోసావా తాళంచెవి పెట్టి తిప్పింది. తిరగలేదు. నూనె పోసి తిప్పింది. తిరగలేదు. గొర్రెని ఎత్తి పడేసే ఆ చేతులకి కూడా అది లొంగలేదు. కడియం బిగుస్తోందని రుమెనా అంది. మొదట మెల్లగా అంది, తర్వాత గట్టిగా అంది. "అక్కా, బిగుస్తోంది. నొప్పి. అక్కా!" చీలమండ చుట్టూ చర్మం నీలంగా మారుతోంది. స్తామెన్కా గుండెలో మళ్ళీ కలుక్కుమంది. రుమెనా నడుము దగ్గరికి వంగిపోయింది. గాలి లేదు, కానీ ఆ మూరెడు గడ్డీ ఒక్కటే ఊగుతోంది.

"ఇంకేం చెయ్యాలి పిన్నీ? చెప్పాల్సిందంతా చెప్పాంగా! ఇంకేం కావాలి దీనికి?" వుకోసావా ఏడుపు గొంతుతో అరిచింది.

దీనికి. ఆ మాట స్తామెన్కా గుండెలో ఎక్కడో తగిలింది. ఆ రోజునుంచి ఇప్పటిదాకా అందరూ దీనికి, దాన్ని అనే అన్నారు. తనూ అంతే. దాన్ని ఆపాలి, దాన్ని తప్పించాలి, దాన్ని రానివ్వకూడదు. నెల తిరగని పసికందు అది. దాని చోటులో తను కూర్చుంది సరే. మరి దానికి తల్లి ఎవరు? కూతురికి అక్కగా మారినప్పుడే తను ఆ పిల్లకి ఏమీ కాకుండా పోయింది. ఇన్నేళ్ళూ గుమ్మం దాకా వచ్చి నిలబడిన పిల్ల తోబుట్టువు కోసం వచ్చిందని ఎవరు చెప్పారు? పసిపిల్లలు ఎవరి కోసం వస్తారు?

ఆమె మోకాళ్ళ మీద కూలబడింది. రెండు చేతులూ ఆ గడ్డి మీద పెట్టింది. చొక్కా ఎడమవైపు తడిసిపోతోంది. దాచుకోలేదు.

"కోసారా," అంది. "నేనే తల్లీ. అమ్మని. ఆవేళ నిద్రపోయానమ్మా. ఎండ పడింది, కళ్ళు మూతపడ్డాయి. నీ మీద ప్రేమ లేక కాదు. అలిసిపోయాను. నువ్వు ఆకలేసి లేచావో, చలేసి లేచావో నాకు తెలీదు. నన్ను పిలిచావో ఏమో, నేను పలకలేదు. కోపగించుకోకు. నీ తోడబుట్టినదాన్ని వదిలెయ్యి, అది ఇంకా ఇద్దరు పిల్లల్ని పెంచాలి. నేను వస్తాను నీ దగ్గరికి. నా పొద్దు ఎప్పుడు కుంకితే అప్పుడు వస్తాను. అందాకా పడుకో. పడుకో నా బంగారూ."

ఇంకా ఏవేవో అంది. తొట్టి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ఆనాడు పాడిన జోలలో ముక్కలు కూడా వచ్చాయి. వుకోసావా తలదించుకుంది. రుమెనా కాలి నొప్పి మరిచిపోయి తల్లిని చూస్తూ ఉండిపోయింది. ఈ గొంతు తను ఎన్నడూ వినలేదు. తన కోసం కూడా ఇలాంటి గొంతే లోపల దాచిపెట్టి ఉంటుందని అప్పుడు తెలిసింది ఆమెకు.

గడ్డి ఊగడం ఆగిపోయింది. వుకోసావా తాళంచెవి మళ్ళీ తిప్పింది. టక్కుమని తెరుచుకుంది. రెండు కడియాలూ ఒకేసారి జారి మట్టిలో పడ్డాయి.

ఇంటికి వచ్చాక వుకోసావా రకియా సారా సీసా తీసి ముగ్గురికీ పోసింది. స్తామెన్కాకి డాక్టరు వద్దన్నాడని రుమెనా అంటే "డాక్టరుకి చెప్పేదెవరు?" అంది వుకోసావా. ఆ మాటకి ముగ్గురూ పొట్ట పట్టుకుని నవ్వారు, ఎందుకంత నవ్వు వచ్చిందో ఎవరికీ తెలియదు. ఆ పూట స్తామెన్కా మంచం మీద పడగానే నిద్రపోయింది. చిన్నపిల్లలా గురక పెట్టి నిద్రపోయింది. రుమెనా పక్కనే కూర్చుని ఆ ఊపిరి వింటూ తెల్లవారేదాకా మేలుకుంది. ఒకరు ఊపిరి పీలుస్తుంటే ఇంకొకరు కాపలా కూర్చోవడం ఎంత కష్టమో, ఆనాడు తల్లి రక్తం కారుతుంటే పొయ్యి ముందు మోకాళ్ళ మీద ఎలా కూర్చుందో అనుకుని మెల్లగా ఏడ్చింది.

పొద్దున పొగమంచు విచ్చింది. రుమెనా సంచీ తీసుకెళ్ళి కార్లో పెట్టింది. వుకోసావా జున్ను ముద్దొకటి గుడ్డలో చుట్టి పట్టుకొచ్చింది, ఆసుపత్రిలో పెట్టే తిండి మనుషులు తినేది కాదంటూ. స్తామెన్కా వాకిట్లో నిలబడి, ఆవుకు నీళ్ళెప్పుడు పెట్టాలో, కోళ్ళనెప్పుడు కమ్మాలో, పొయ్యిలో నిప్పు ఎలా కప్పాలో వుకోసావాకి అప్పగింతలు చెబుతోంది.

"అమ్మా!"

స్తామెన్కా అప్పగింతలు ఆపలేదు. నల్లకోడి గుడ్లు ఎక్కడ పెడుతుందో చెబుతోంది.

"అమ్మా, పొద్దెక్కుతోంది!"

ఎవరో పిల్ల తల్లిని పిలుస్తోంది. ఎవరి తల్లో పలకడం లేదు, పాపం, అనుకుంది స్తామెన్కా. కంచె వైపు చూసింది, దారి వైపు చూసింది. ఎవరూ లేరు. వుకోసావా జున్ను మూటని చంకలోకి మార్చుకుని, ఆమె భుజం మీద చెయ్యి వేసి కారు వైపు తిప్పింది.

"నిన్నే పిన్నీ," అంది.

కారు తలుపు పట్టుకుని రుమెనా నిలబడి ఉంది. ఏడుస్తూ నవ్వుతోంది. స్తామెన్కా రెండడుగులు వేసింది, ఆగింది, గొంతు సవరించుకుంది. పలకడం ఎలాగో ఒక్క క్షణం గుర్తు రాలేదు.

"ఆఁ," అంది. "వస్తున్నానమ్మా."